పాలలో హార్మోన్లు: భయం మనది, బాధ గేదెది

"పాలలో హార్మోన్లు కలుపుతున్నారట." ఈ మాట మీరు వినే ఉంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఈ మాట తెలుగులోనూ వినిపిస్తుంది, హిందీలోనూ వినిపిస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. ఆ ఇళ్లలో కొన్ని ఇప్పటికీ తెల్లవారుజామున క్యాను తగిలించుకుని వచ్చే పాలవాడి దగ్గర పాలు పోయించుకుంటాయి. మరికొన్ని సహకార సమాఖ్య వారి దేవభోగ్ ప్యాకెట్లు కొంటాయి. రెండు రకాల ఇళ్లలోనూ అనుమానం మాత్రం ఒక్కటే. ఆడపిల్లలు చిన్న వయసులోనే పుష్పవతులవుతున్నారంటే పాలే కారణమట. పిల్లలు లావెక్కుతున్నారంటే పాలే కారణమట. క్యాన్సరుకు కూడా పాలే కారణమట.

ఆ మాటల చివరనున్న "ట" అనే అక్షరాన్ని గమనించండి. చెప్పేవారు కళ్లారా చూడలేదనీ, ఎవరో చెబితే విన్నారనీ ఆ ఒక్క అక్షరం మనకు తెలియజేస్తుంది. విన్నమాట అబద్ధమే కానక్కరలేదు. కాని విన్నమాటను విన్నచోటే వదిలివేయడం విజ్ఞానశాస్త్రం చదువుకునే వారి పద్ధతి కాదు. ఒక పుస్తకాన్ని సమీక్షించినట్లే ఒక ప్రచారాన్ని కూడా సమీక్షించవచ్చు. అందులో నిజమెంత, పొరపాటెంత, అది చెప్పకుండా దాటవేసిన విషయమేమిటి అని అడగవచ్చు. ఈ వ్యాసంలో మనం చేయబోయేది అదే.

ఒక్క మాటలో మూడు వస్తువులు

ఈ ప్రచారంలోని మొదటి లోపం "హార్మోన్" అనే మాటలోనే ఉంది. హార్మోన్ అంటే ఒక వస్తువు కాదు. శరీరంలో ఒకచోట తయారై, రక్తంతో ప్రయాణించి, మరొకచోట పని చేయించే రసాయన దూతలన్నిటికీ అది ఉమ్మడి పేరు. వాటి నిర్మాణం వేరు, పని వేరు, నోటి ద్వారా లోపలికి వెళ్లినప్పుడు వాటికి పట్టే గతి కూడా వేరు.

మీకు తెలిసిన ఉదాహరణ తీసుకుందాం. మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్‌ను సూది ద్వారా తీసుకుంటారు. అన్నంతోపాటు మింగితే సరిపోదా? సరిపోదు. ఇన్సులిన్ మాంసకృత్తు జాతికి చెందినది. జీర్ణకోశంలోని ఎంజైములు దానిని పప్పునూ గుడ్డునూ విడగొట్టినట్లే ఎమైనో ఆమ్లాలుగా విడగొట్టివేస్తాయి. థైరాయిడ్ లోపం ఉన్నవారు మాత్రం పరగడుపున చిన్న మాత్ర వేసుకుంటారు. గర్భనిరోధక మాత్రలలోని హార్మోన్లు కూడా నోటి ద్వారానే పనిచేస్తాయి. ఇవి చిన్న అణువులు. జీర్ణరసాలు వీటిని ముక్కలు చేయలేవు.

పాల విషయంలో జనం "హార్మోన్" అన్నప్పుడు మూడు వేరువేరు వస్తువులు కలగాపులగమవుతున్నాయి. మొదటిది పశువుల పెరుగుదల హార్మోను. రెండవది ఆక్సిటోసిన్. ఈ రెండూ మాంసకృత్తుల కోవకు చెందినవి. మూడవది ఈస్ట్రోజెన్ వంటి లైంగిక హార్మోన్ల జాతి. యుక్తవయసు త్వరగా వస్తుందేమోనన్న భయం ఈ మూడవ రకానికి సంబంధించినది. కాని పాలవాళ్లపై వచ్చే ఆరోపణ రెండవ రకం గురించి. పత్రికలలో చదివే విదేశీ వివాదమేమో మొదటి రకం గురించి. ఒకదాని మీద వచ్చిన ఆరోపణను ఇంకొకదానికి అంటగట్టి, వేరొకదాని శిక్ష వేస్తున్నామన్నమాట.

అమెరికాలో జరిగిన కథ

ముందుగా పెరుగుదల హార్మోను సంగతి చూద్దాం. ఆవు మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి సొమాటోట్రోపిన్ అనే హార్మోనును తయారు చేస్తుంది. ఇందులో సుమారు 190 ఎమైనో ఆమ్లాలు ఉంటాయి. పీయూష గ్రంథుల నుంచి తీసిన రసాన్ని ఆవులకు ఎక్కిస్తే పాలు పెరుగుతాయని 1937లోనే సోవియట్ శాస్త్రజ్ఞులు గమనించారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పాల కొరతను తీర్చడానికి బ్రిటన్‌లో కూడా ఈ విషయాన్ని పరిశీలించారు. కాని చంపిన పశువుల గ్రంథుల నుంచి లభించే హార్మోను ఏ మూలకూ సరిపోదని తేలింది.

జన్యు సాంకేతిక విద్య వచ్చాక పరిస్థితి మారింది. ఆవు జన్యువును బాక్టీరియాలో ప్రవేశపెట్టి హార్మోనును కావలసినంత తయారు చేయడం సాధ్యమయింది. మోన్‌శాంటో కంపెనీ తయారుచేసిన పోసిలాక్ అనే మందుకు 1993 నవంబరులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతినిచ్చింది. 1994 ఫిబ్రవరిలో అది బజారులోకి వచ్చింది. రెండు వారాలకొకసారి సూది వేస్తే పాలు సుమారు 10 నుంచి 15 శాతం పెరుగుతాయి.

ఈ హార్మోను ఆవు శరీరంలోని పోషకాలను పొదుగు వైపు మళ్లిస్తుంది. కనుక పెరిగిన పాలకు తగినంత మేత పెరగాలి. లేకపోతే ఆవు అప్పు చేసి పప్పుకూడు తిన్నట్లే. తన కండను, ఎముకలోని సున్నాన్ని కరిగించుకుని పాలివ్వాలి. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ హార్మోనును గేదెలపై పరీక్షించి 1989లో ఫలితాలను ప్రకటించారు. అయితే బిలాస్‌పూర్ చుట్టుపక్కల పల్లెల్లో కనిపించే కోసలీ ఆవు వంటి చిన్నపాటి దేశవాళీ పశువుకు మొదటి కొరత మేత. మేత లేనిచోట హార్మోను ఏం చేయగలదు?

ఈ పాలు తాగిన మనుషులకు ప్రమాదముందా? ఇక్కడ ఒక పాత అనుభవం ఉపయోగపడుతుంది. 1950లలో ఎదుగుదల లేని పిల్లలకు ఆవుల నుంచి తీసిన పెరుగుదల హార్మోనును నేరుగా సూదితో ఎక్కించి చూశారు. ఫలితం శూన్యం. ఆవు హార్మోను మనిషి కణాల తాళానికి సరిపోయే చెవి కాదు. సూదితో ఎక్కించినా పనిచేయనిది పాలతో మింగితే పనిచేస్తుందా?

అయితే ఒక చిక్కు మిగిలింది. ఈ సూది వేసిన ఆవుల పాలలో ఐ.జి.ఎఫ్-1 అనే మరొక పదార్థం కొద్దిగా పెరుగుతుంది. అది ఆవులోనూ మనిషిలోనూ ఒకే నిర్మాణంతో ఉంటుంది. అందువల్ల శాస్త్రజ్ఞుల మధ్య అసలైన చర్చ దీనిపైనే జరిగింది. మన శరీరం తనంతట తాను రోజూ తయారుచేసుకునే ఐ.జి.ఎఫ్-1తో పోలిస్తే పాల ద్వారా వచ్చేది బహుస్వల్పమనీ, దానిలోనూ చాలాభాగం జీర్ణమైపోతుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 1990లలో అభిప్రాయపడింది.

మరి కెనడా ఎందుకు వద్దన్నది?

1999 జనవరిలో కెనడా ప్రభుత్వం ఈ హార్మోనుకు అనుమతి నిరాకరించింది. ఐరోపా సమాజం 2000 జనవరి 1 నుంచి దీనిని శాశ్వతంగా నిషేధించింది. "చూశారా, మనుషులకు ప్రమాదం కాబట్టే నిషేధించారు" అని మన ప్రచారకులు అంటారు. ఇక్కడే మీరు జాగ్రత్తగా చదవాలి.

కెనడా ప్రభుత్వం రెండు నిపుణుల సంఘాలను నియమించింది. ఒకటి మనుషుల ఆరోగ్యాన్ని పరిశీలించింది, మరొకటి పశువుల ఆరోగ్యాన్ని పరిశీలించింది. మనుషులకు చెప్పుకోదగిన ప్రమాదం కనబడలేదని మొదటి సంఘం చెప్పింది. రెండవ సంఘం మాత్రం తీవ్రమైన విషయాలు బయటపెట్టింది. సూది వేసిన ఆవులలో పొదుగువాపు వచ్చే అవకాశం సుమారు 25 శాతం, కుంటితనం వచ్చే అవకాశం సుమారు 50 శాతం పెరుగుతున్నాయని లెక్క తేల్చింది. చూలు కట్టకపోవడం కూడా పెరుగుతోందని చెప్పింది. కెనడా నిర్ణయానికి ఆధారం ఇది. ఐరోపా నిషేధానికి కూడా ప్రధానమైన ఆధారం పశువుల సంక్షేమమే.

అంటే ఊరంతా "నాకేమవుతుంది?" అని అడుగుతూ ఉండగా, సమాధానం ఆవు పొదుగులో, ఆవు కాళ్లలో ఉన్నదన్నమాట. అమెరికాలో నిషేధం రాలేదు గాని, వినియోగదారులు ఈ పాలను ఇష్టపడకపోవడంతో పెద్ద దుకాణాలు తమ పాలలో ఈ హార్మోను వాడలేదని ప్రకటించుకోవడం మొదలుపెట్టాయి. 2014 నాటి సర్వే ప్రకారం అక్కడి పాడి ఆవులలో సుమారు 15 శాతానికి మాత్రమే ఈ సూది పడుతోంది.

మన కొట్టాలలోని సూది వేరు

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. మన దేశంలో పట్నపు పశువుల కొట్టాలలో, అంటే ఇక్కడివారు ఖటాల్ అని పిలిచే చోట, దొంగచాటుగా వాడుతున్నారని చాలాకాలంగా ఆరోపణ ఉన్న మందు ఆక్సిటోసిన్. ఇది పెరుగుదల హార్మోను కానే కాదు. తొమ్మిది ఎమైనో ఆమ్లాలు మాత్రమే ఉన్న చిన్న గొలుసు. అమెరికన్ శాస్త్రజ్ఞుడు విన్సెంట్ డు విగ్నో 1953లో దీనిని ప్రయోగశాలలో తయారు చేశాడు. ఆయనకు 1955లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

దీని పని తెలియాలంటే మన పల్లెల్లో అందరికీ తెలిసిన మాట ఒకటి గుర్తు చేసుకోండి. "గేదె చేపింది" అంటారు. దూడ వచ్చి పొదుగును కుమ్మి, చన్ను నోట పెట్టుకోగానే ఆ స్పర్శ నరాల ద్వారా మెదడుకు చేరుతుంది. పీయూష గ్రంథి వెనుక భాగం నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి విడుదలవుతుంది. పొదుగులో పాలు నిలువ ఉండే కోట్లాది సూక్ష్మమైన తిత్తుల చుట్టూ కండరాల వంటి కణాలు అల్లుకుని ఉంటాయి. ఆక్సిటోసిన్ తగలగానే అవి బిగుసుకుని తిత్తులను పిండుతాయి. పాలు చన్నుల్లోకి దిగుతాయి. చేపడమంటే ఇదే. గేదె బెదిరినా, కొత్త చేయి పడినా చేపదు. ఎందుకంటే భయంలో విడుదలయ్యే అడ్రినలిన్ ఈ పనిని అడ్డుకుంటుంది.

అయితే దూడ లేకపోతే? పట్నంలో పాల వ్యాపారానికి మగదూడ వలన లాభం లేదు. అది తాగే పాలు అమ్ముకుంటే డబ్బు వస్తుంది. అందుచేత దానికి పాలు సరిగా వదలరు, అది నిలవదు. పూర్వం చనిపోయిన దూడ చర్మంలో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టేవారు. ఆ స్థానాన్ని సూది ఆక్రమించింది. రెండు పూటలా సూది, రెండు పూటలా చేపు.

ఇంతకంటె క్రూరమైన పద్ధతి మన దేశంలో వెనుకటి కాలంలోనే ఉండేది. దాని పేరు ఫూకా. పశువు జననాంగంలోకి గాలి ఊది బలవంతంగా పాలు పిండేవారు. ఆక్సిటోసిన్ విడుదల కావడానికి అది కూడా ఒక ప్రేరణే అని ఈనాటి శాస్త్రం వివరించగలదు. ఈ ఫూకా సంగతి తెలిసిన తరువాత ఆవుపాలన్నా గేదెపాలన్నా తనకు ఏవగింపు కలిగిందని గాంధీజీ తన ఆత్మకథలో చెప్పుకున్నారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 12వ సెక్షను ఫూకానూ, పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని కలిగించే సూదులనూ కలిపి ఒకే నేరంగా ప్రకటించింది. వెయ్యి రూపాయల వరకు జరిమానా, రెండేళ్ల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. చట్టం లేదన్న మాట నిజం కాదు. దానిని అమలు చేసే చేయి కనబడకపోవడమే నిజం.

ఆ సూది మన గ్లాసులోకి వస్తుందా?

గేదెకు వేసిన ఆక్సిటోసిన్ రక్తంలో కొద్ది నిమిషాలలోనే సగానికి సగం విచ్ఛిన్నమవుతూ పోతుంది. దూడ తాగేటప్పుడు సహజంగా విడుదలయ్యే ఆక్సిటోసిన్ వలన ఏ సూదీ వేయని పశువు పాలలో కూడా ఇది అతిస్వల్పంగా ఉంటుంది. సూది వేస్తే ఆ పరిమాణం పెరుగుతుందా అన్న ప్రశ్నకు సమాధానం వెదికినవారు మన తెలుగు నేలమీదే ఉన్నారు. భారతీయ వైద్య పరిశోధనా మండలి తరఫున హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఈ విషయాన్ని పరిశీలించింది. బయట నుంచి సూది వేసినందువల్ల పాలలోని ఆక్సిటోసిన్ పరిమాణం మారడం లేదనీ, పాలలో ఉన్నది కూడా పేగులలో త్వరగా జీర్ణమై పోతుంది గనుక రక్తంలో చేరే అవకాశం లేదనీ తేల్చింది.

ఇక ఆడపిల్లల సంగతి. ఆక్సిటోసిన్‌కు యుక్తవయసును తెచ్చే శక్తి లేదు. ఆ పని చేసేది వేరే హార్మోన్ల సముదాయం. చరిత్రను చూసినా ఇదే తెలుస్తుంది. ఉత్తర ఐరోపా దేశాలలో 19వ శతాబ్ది మధ్యకాలంలో బాలికలు రజస్వల అయ్యే సగటు వయసు 16 ఏళ్లకు పైగా ఉండేది. 20వ శతాబ్ది మధ్యకాలానికి అది 13 దరిదాపులకు దిగింది. ఈ మార్పులో ఎక్కువ భాగం కృత్రిమ ఆక్సిటోసిన్ పుట్టక ముందే జరిగిపోయింది. కారణం పుట్టక ముందే కార్యం జరగదు కదా! మంచి తిండి, తగ్గిన అంటువ్యాధులు, పెరిగిన శరీర బరువు, ఇవి ఆ మార్పుకు శాస్త్రజ్ఞులు చెప్పే ముఖ్య కారణాలు. సొరకాయకు, గుమ్మడికాయకు ఆక్సిటోసిన్ సూది వేస్తే రాత్రికి రాత్రి ఉబ్బుతుందన్న ప్రచారం కూడా ఉత్తర భారతంలో బాగా వినిపిస్తుంది. గర్భాశయాన్నీ పొదుగునూ బిగించే హార్మోనుకు తీగమీది కాయను పెంచే పని ఎలా వస్తుందో ఆ ప్రచారకులు చెప్పరు.

"పాలు క్షేమమే" అంటే సరిపోతుందా?

ఇంతవరకు చదివి "అయితే అంతా బాగానే ఉంది, గొడవ తీరింది" అని మీరు పుస్తకం మూయబోతే, ఒక్క నిమిషం ఆగండి. భయపెట్టే ప్రచారాన్ని విమర్శించినట్లే, ధైర్యం చెప్పే సమాధానాన్ని కూడా విమర్శించవలసి ఉన్నది. "హార్మోను పాలలోకి రాదు" అన్నది ఒక ప్రశ్నకు సమాధానం మాత్రమే. దానితో మిగిలిన ప్రశ్నలన్నీ మూసివేయడం శాస్త్రీయం కాదు.

రోజూ బయటి నుంచి ఆక్సిటోసిన్ అందుతున్న పశువు క్రమంగా తనంతట తాను చేపడం తగ్గించుకుంటుందని పరిశోధనలు చూపాయి. సూది మానగానే పాలు దిగవు. ఒకసారి అలవాటు చేశాక యజమాని మానలేడు, పశువు మానలేదు. ఆక్సిటోసిన్ గర్భాశయాన్ని కూడా బిగిస్తుంది. ప్రసవ సమయంలో స్త్రీకి కలిగే నొప్పులను తెప్పించేది ఇదే అన్న సంగతి గుర్తుంచుకోండి. ఆ నొప్పిని కారణం లేకుండా రోజుకు రెండుసార్లు తెప్పిస్తే ఆ నోరులేని జీవికి ఎలా ఉంటుందో ఊహించండి. ఇన్ని బాధలు పెట్టినా ఈ సూది కొత్త పాలను పెద్దగా పుట్టించదు. పొదుగులో ఉన్న పాలను బయటికి నెడుతుంది, అంతే.

ఇంకొక ప్రశ్న. కొట్టాలకు చేరే సీసా మీద పేరు లేదు, తయారీదారు లేడు, తేదీ లేదు అనుకుందాం. అలాంటప్పుడు అందులో ఉన్నది ఆక్సిటోసిన్ ఒక్కటేనని ఎలా నమ్ముతాం? అసలు ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. ఎండకు మగ్గిన సీసాలో ఏముందో, ఒకే సూదితో ఎన్ని గేదెలను పొడిచారో ఏ శాస్త్రజ్ఞుడూ హామీ ఇవ్వలేడు. జాతీయ పోషకాహార సంస్థ పరీక్షించినది హార్మోనును. దొంగ సీసాను కాదు.

కాని ఇందులో ఒక కులాన్నో ఒక వృత్తినో దోషిగా నిలబెట్టడం తగదు. దీపావళి తరువాత బిలాస్‌పూర్‌లో రౌత్ నాచా చూసినవారికి తెలుసు, పశువును సాకడం ఈ ప్రాంతపు గోపాలకులకు ఎంత గర్వకారణమో. మేత ధర పెరిగి, పాల ధర పెరగక, పట్నంలో పచ్చిక కరువై, ఈనిన గేదెను కొని వట్టిపోగానే అమ్ముకునే వ్యాపారం నుంచి పుట్టింది ఈ సూది. చౌకగా పాలు కావాలనే మనకూ అందులో కొంత వాటా ఉన్నది.

భయం చట్టమైతే ఏమవుతుంది?

ఒక తప్పుడు భయం వల్ల నష్టమేముంది, జాగ్రత్త పడితే మంచిదే కదా అని కొందరు అంటారు. 2018లో జరిగినది తెలుసుకుంటే ఆ మాట అనరు.

పశువులపై ఆక్సిటోసిన్ దుర్వినియోగాన్ని అరికట్టే పేరుతో కేంద్ర ప్రభుత్వం 2018 ఏప్రిల్‌లో ఒక ఉత్తరువు జారీ చేసింది. దేశీయ అవసరాలకు ప్రైవేటు కంపెనీలేవీ ఈ మందును తయారు చేయరాదు. కర్ణాటక యాంటీబయాటిక్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ అనే ఒక్క ప్రభుత్వరంగ సంస్థ మాత్రమే దేశమంతటికీ సరఫరా చేయాలి. దిగుమతి కూడా నిషేధం.

ఇప్పుడు ప్రసూతి గదిలోకి చూడండి. బిడ్డ పుట్టిన తరువాత గర్భాశయం గట్టిగా ముడుచుకోకపోతే రక్తం ధారగా పోతుంది. ప్రపంచంలో ఏటా సుమారు 70,000 మంది తల్లులు ఇలా మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దీనిని నివారించడానికి మొట్టమొదట ఇచ్చే మందు ఆక్సిటోసిన్. బిలాస్‌పూర్ పట్నంలోని పెద్దాసుపత్రికైనా, కోటా వైపు అడవి పల్లెలోని చిన్న ఆరోగ్య కేంద్రానికైనా ఇది చౌకగా, సకాలంలో, నాణ్యంగా అందాలి. దేశమంతటికీ ఒకే కర్మాగారం అన్నప్పుడు ఆ ఒక్కచోట యంత్రం ఆగిపోతే ఏమవుతుంది? గేదెను కాపాడబోయి బాలింతను ప్రమాదంలోకి నెట్టినట్లవుతుంది.

అఖిల భారత ఔషధ కార్యాచరణ సంఘమూ, కొన్ని మందుల కంపెనీలూ కోర్టుకు వెళ్లాయి. 2018 డిసెంబరు 14న ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసింది. నిషేధానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదనీ, తల్లులకు కలిగే ముప్పును ప్రభుత్వం సరిగా తూచలేదనీ చెప్పింది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లగా 2019లో ఆ విషయం పెద్ద ధర్మాసనం ముందుకు వెళ్లింది.

మందుల నాణ్యత ఎంత ప్రాణప్రదమైన విషయమో బిలాస్‌పూర్‌కు ఒకరు చెప్పనక్కరలేదు. 2014 నవంబరులో ఈ ఊరి సమీపంలో జరిగిన కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సా శిబిరం తరువాత పదిమందికి పైగా మహిళలు మరణించారు. శస్త్రచికిత్స జరిగిన తీరుపైనా, ఇచ్చిన మందులపైనా ప్రశ్నలు వచ్చాయి. మందు లేకపోవడం ఒక ప్రమాదం, మంచి మందు కాకపోవడం మరొక ప్రమాదం. దొంగ సీసాలను పట్టుకోవలసిన చోట పట్టుకోకుండా, మంచి సీసాలను అరుదు చేస్తే రెండు ప్రమాదాలూ కలిసి వస్తాయి.

మనం చూడని వైపు

పాల భద్రతపై భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో దేశవ్యాప్తంగా సర్వే చేసింది. 1,103 పట్టణాల నుంచి 6,432 నమూనాలను పరీక్షించారు. అందులో సుమారు 93 శాతం ఆరోగ్యానికి క్షేమమైనవని తేలింది. ప్రమాదకరమైన కల్తీ కనిపించినవి 12 మాత్రమే. మిగిలిన వాటిలో పరిమితిని మించి కనిపించిన వస్తువులు ఏవో తెలుసా? 368 నమూనాలలో ఎఫ్లాటాక్సిన్ ఎం-1, 77 నమూనాలలో యాంటీబయాటిక్ మందుల అవశేషాలు.

ఎఫ్లాటాక్సిన్ ఒక రకం బూజు నుంచి పుట్టే విషం. తేమ తగిలి బూజు పట్టిన తెలగపిండి, మొక్కజొన్న, దాణా పశువుకు పెడితే ఆ విషం రూపం మార్చుకుని పాలలోకి దిగుతుంది. మరగకాస్తే పోదు, జీర్ణరసాలకు లొంగదు, కాలేయానికి హాని చేస్తుంది. అందుకే కిలో పాలలో అర మైక్రోగ్రాము మించరాదని మన దేశంలో పరిమితి విధించారు. యాంటీబయాటిక్కులు పొదుగువాపు వంటి జబ్బుల వైద్యంలో వాడేవి. మందు ఇచ్చిన పశువు పాలను నిర్ణీతమైన రోజులపాటు అమ్మరాదు. ఆ నియమం తప్పితే అవి మన గ్లాసులోకి వస్తాయి, మందుకు లొంగని సూక్ష్మజీవులను పెంచుతాయి. "బూజు పట్టిన చెక్కలు పెడుతున్నారట" అని ఎవరైనా వీధిలో ఆందోళన పడగా మీరు విన్నారా? విని ఉండరు. "హార్మోన్" అన్న మాటకున్న గిరాకీ "బూజు" అన్న మాటకు లేదు.

పశువుకు వేసిన మందు మనం ఊహించని దారిలో ఎలా వెళుతుందో చెప్పడానికి రాబందులే సాక్ష్యం. 1990లలో మన దేశంలో రాబందులు కోట్లలో ఉండి, కొద్ది సంవత్సరాలలో దాదాపు మాయమయ్యాయి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ ఆ కళేబరాల ద్వారా వాటిని చంపుతున్నదని 2004లో బయటపడింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. ఈ నిషేధానికి గట్టి శాస్త్రీయ ఆధారం ఉంది, బదులుగా వాడదగిన మందు ఉంది, మనుషులకు ఆ మందు అందకుండా పోలేదు. 2018 నాటి ఉత్తరువుతో పోల్చి చూడండి. మంచి నిషేధానికీ, తొందరపాటు నిషేధానికీ తేడా తెలుస్తుంది.

మీరు చేయగలిగినది

ఒక కాగితంపై నాలుగు గడులు గీయండి. పాలు తాగేవారు, పాలిచ్చే పశువు, పాలు అమ్మేవారు, అదే మందు అవసరమైన రోగి అని వాటికి పేర్లు పెట్టండి. ఏ మందు గురించి వివాదం విన్నా ఈ నాలుగు గడులనూ నింపడానికి ప్రయత్నించండి. ఏ గడి ఖాళీగా మిగిలిందో అక్కడే ఆ వివాదపు లోపం ఉంటుంది. మన పాల వివాదంలో మొదటి గడి నిండిపోయి పొర్లుతోంది. మిగిలిన మూడూ ఖాళీగా ఉన్నాయి.

పిల్లలకు పాలు మానిపించడం దీనికి పరిష్కారం కాదు. మీ ఇంటికి పాలు పోసే మనిషిని సంశయించకుండా, మర్యాదగా అడగండి. దాణా ఎక్కడ నిలువ చేస్తున్నారు? గేదెకు జబ్బు చేస్తే ఎవరు మందు ఇస్తున్నారు, మందు ఇచ్చిన రోజుల్లో ఆ పాలు ఏం చేస్తున్నారు? వీలైతే ఒక ఆదివారం ఉదయం పాలు తీసే వేళకు కొట్టానికి వెళ్లి చూడండి. అక్కడ ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. దానికి ప్రయోగశాల అక్కరలేదు, పరికరాలు అక్కరలేదు. దూడ ఎక్కడ అని అడగండి. తల్లి పక్కన దూడ కట్టి ఉంటే సూది అవసరం చాలావరకు తీరినట్లే. లేకపోతే ఎందుకు లేదో అడిగి తెలుసుకోండి.